అడగ్గా అడగ్గా ఇచ్చిన మంచం

పెద్ద డాక్టరు గారు పోయారని మొన్న ఉదయం చిత్తూరు నుంచి ఫోను వచ్చింది. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన మనిషి. అయినా ఏడుపు కంటే ముందు ఆయన మీద పాత కోపమే గుర్తొచ్చింది. దాచుకోవడం ఎందుకు, ఆయన నన్ను అంతగా విసిగించారు.

ఎనభైల మొదట్లో మద్రాసులో కిడ్నీ వైద్యం చదివి తిరుపతికి తిరిగొచ్చాను. సర్కారు ఆసుపత్రిలో అలాంటి పోస్టే లేదన్నారు. నర్సింగ్ హోముల్లో అడిగితే, రాళ్లు తీస్తావా అన్నారు. నేను కోసే డాక్టరును కాదు, మందులతో చూసేవాణ్ణి అంటే, రాళ్లు కూడా తీయనివాడు కిడ్నీ డాక్టరెలా అవుతాడని నవ్వారు. తిరిగి తిరిగి చెప్పులరిగాక, చిత్తూరులో ఈయన తన నర్సింగ్ హోముకు రమ్మన్నారు.

"నీ సదువు యాడికీ పోదులే అబ్బా. ముందు జరాలు సూడు," అన్నారు. ఇక పొద్దస్తమానం జ్వరాలు, విరేచనాలు, సూదిమందులు. గేటు దగ్గర బోర్డులో నా పేరు కింద కిడ్నీ అన్న మాట రాయనివ్వలేదు. "ఆ మాట సూస్తే వచ్చేటోళ్లు కూడా పారిపోతారు," అనేవారు. నేను ఏదైనా చెప్పబోతే మజ్జిగ గ్లాసు చేతికిచ్చేవారు. ఆయన వాదన గెలిచే పద్ధతి అదే.

ఒక వానాకాలం పలమనేరు వైపు నుంచి, వేరుశనగ చేలో పాము కరిచిన ఒకామెను తెచ్చారు. విషానికి మందు పడింది, కానీ మూత్రం ఆగిపోయింది. పొట్టలోకి సన్నటి గొట్టం వేసి మందునీళ్లు ఎక్కించి దింపుతూ ఉంటే, కిడ్నీలు కోలుకునేదాకా మనిషిని నిలబెట్టవచ్చు. డయాలిసిస్ మిషను కూడా అక్కర్లేదు. ఒక్క మంచం ఇవ్వమని బతిమాలాను.

"పొట్టకు బొక్క పెడతానంటావా? సస్తే ఊరంతా మన గేటు కాడ కూసుంటారు. మద్రాసుకు పంపించు."

పంపించాం. ఆమె దారిలోనే పోయింది. ఆ రోజు ఆయన ముందు గట్టిగానే అరిచాను, ఉద్యోగం మానేస్తానన్నాను. ఆయన మజ్జిగ ఇవ్వలేదు. నేనూ మానలేదు.

తర్వాత మళ్లీ పాముకాటే, ఈసారి ఓ రైతు. మళ్లీ అదే పరిస్థితి. నేను అడగనే లేదు, అడిగి అడిగి విసుగు పుట్టింది. ఆయనే తాను మధ్యాహ్నం నడుం వాల్చే మంచాన్ని ఖాళీ చేయించి, "ఏమేమి కావల్లో సెప్పు," అన్నారు. నర్సులు భయపడితే తానే పక్కన స్టూలేసుకొని, వేడినీళ్లలో సీసాలు వెచ్చచేసి అందించారు. "నాకు దీని గురించి ఏం తెలీదబ్బా, నువ్వు సెప్పింది సేస్తా," అన్నారు. ఆ మాటతో నా కోపం పోవాల్సింది. పోలేదు. ఇదే మంచం ఆ తల్లికి ఎందుకివ్వలేదని ఇప్పటికీ అడగాలని ఉంది. ఇక అడగడానికి ఆయన లేరు.

కొన్నాళ్లకు ఒక ఉదయం రైతుకు మూత్రం వచ్చింది. కాస్తే. ఆయన ఆ గాజుసీసాను నా చేతిలోంచి లాక్కొని వరండాలోకి నడిచారు. "ఉచ్చ వచ్చింది సూడండప్పా, మా కిడ్నీ డాక్టరు తెప్పించినాడు," అంటూ జ్వరాలతో వచ్చినవాళ్ల బెంచీల మధ్య తిరిగారు. జనం ముక్కుకు కొంగులు అడ్డం పెట్టుకొని పక్కకు జరిగారు. ఆయన మాత్రం సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకొని, ఒక్కొక్కరి ముందూ ఆగుతూ వెళ్లారు.