గడప లోపలి బండి

మొన్న ఒక గోడౌన్‌లో పాతికేళ్ళ మేనేజరొకాయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, సరుకును మనిషి మొయ్యకుండా బండి ఎలా మోస్తుందో అరగంట సేపు బోధించాడు. ముందుకు చాచిన రెండు ఇనప చేతులు, వాటి మీద చెక్క బల్ల, బల్ల మీద సరుకు. విని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం ఒళ్ళు మండింది. ఆ బండి ఈ ఊళ్ళో కాలుపెట్టిన రోజుల్లో దాని గురించి గొంతు చించుకున్నవాణ్ణి నేను. అందుకే ఇది రాస్తున్నాను.

అరవైల మొదట్లో నేను ఆబిడ్స్‌లో యంత్రాలమ్మే ఒక దుకాణంలో ప్యాకింగ్ గది మనిషిని. గొలుసు కప్పీలు, బస్తాలు తోసే రెండు చక్రాల బళ్ళు, కాటాలు అమ్మేవాళ్ళం. బడిచదువు ఏడో తరగతితో సరి. తక్కిన చదువంతా ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లోంచి ఏరుకున్నదే. ఒక చినిగిన ఇంగ్లీషు నిఘంటువు, అట్టలేని యంత్రశాస్త్రం పుస్తకం నాకు గురువులు. దుకాణంలో డిగ్రీ ఉన్న సేల్స్‌మన్ ఒకాయన ఉండేవాడు. నేను పుస్తకం పట్టుకుంటే, "ఏంది, ఇంజనీరు పరీక్షకు గూసుంటున్నవా?" అని అందరి ముందూ నవ్వేవాడు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తే.

ఒకసారి బొంబాయి నుంచి ఎర్ర రంగు వేసిన చేతిబండి ఒకటి, దానితో రెండు చెక్క బల్లలూ వచ్చాయి. బండి చేతుల్ని బల్ల కిందికి దూర్చి, పిడిని పైకీ కిందికీ కొడితే, బల్ల సరుకుతో సహా నేల విడిచి లేస్తుంది. లేచాక ఒక్క మనిషి లాక్కుపోవచ్చు. సేల్స్‌మన్ వచ్చిన ప్రతివాడికీ "టన్ను లేపుతది" అని చెప్పేవాడు. ఎలా లేపుతుందని అడిగితే కంపెనీవాళ్ళు అచ్చేసిన కాగితం చేతిలో పెట్టేవాడు. నెలలు గడిచినా బండి కదల్లేదు.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయినప్పుడు నేను దాని పంపు విప్పి చూశాను. సన్న గొట్టంలో నూనె, దాని పక్కన లావు గొట్టం. సన్నదాంట్లో నేను జానెడు నొక్కితే లావుదాంట్లో బరువు వెంట్రుకవాసి లేస్తుంది. పుస్తకంలో బొమ్మగా చూసింది నా చేతికింద నిజమై కూర్చుంది. బిగించి, దుకాణం యజమాని సేఠ్ గారి ఇనప్పెట్టెను పక్కకు ఒరగదీస్తూ ఎలాగో ఒక బల్ల మీదికి చేర్చి, పిడి కొట్టాను. ఆరుగురు ఎత్తలేని ఇనప్పెట్టె మెల్లగా, చప్పుడు లేకుండా, బెత్తెడు లేచి నిలబడింది. నాకు కాళ్ళు ఆగలేదు. దుకాణమంతా దాన్ని తిప్పాను. తిప్పుతుండగానే సేఠ్ లోపలికొచ్చాడు.

"నా పెట్టె నడుస్తున్నదేంది?" అన్నాడు.

తిట్లు తినాల్సినవాణ్ణి తినలేదు. ఎలా లేస్తుందో నేను చెబుతుంటే నిలబడి విన్నాడు. చివరికి, "ఈ శనివారం బండి బొంబాయికి వాపస్ పోతది. అంతలోపల అమ్మినవా, వచ్చే వారం సంది సేల్స్ నీది. అమ్మకపోతివా, మళ్ళీ ప్యాకింగ్ గదే, పుస్తకాలు బంద్," అన్నాడు. సేల్స్‌మన్ వెనక నుంచి, "జర ఫికర్ జెయ్యకు సేఠ్, గాడు ప్యాకింగ్‌లనే ఉంటడు," అన్నాడు.

నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక కాగితాల వర్తకుడి గోడౌన్ నాకు తెలుసు. అచ్చాఫీసులన్నిటికీ ఆయన దగ్గర్నుంచే కాగితం పోయేది. ముందురోజే వెళ్ళి టేపు పెట్టి అన్నీ కొలుచుకున్నాను. వాకిలి వెడల్పు రెండుసార్లు కొలిచాను. నేల మీద షాబాదు బండల మధ్య సందులు వేలుపెట్టి తడిమాను. కాగితాల కట్ట బరువు రాసుకున్నాను. ఇంత జాగ్రత్తపరుడు ఊళ్ళో ఇంకొకడు లేడని నా నమ్మకం.

మర్నాడు పొద్దున తోపుడుబండి మీద యంత్రాన్నీ బల్లల్నీ కట్టించి స్టేషన్ రోడ్డు పట్టాను. దారిపొడుగునా జనం. "గది ఫిరంగా అన్నా?" అని ఒకడు, "కాదురా, పండ్లు పీకేది," అని ఇంకొకడు. నాకు పెళ్ళి ఊరేగింపులో గుర్రమెక్కినట్టుంది.

గోడౌన్ ముందు ఆరేడుగురు హమాలీలు కూర్చుని ఉన్నారు. వాళ్ళ మేస్త్రీ నెరిసిన మీసాల మనిషి. యంత్రాన్ని చుట్టూ తిరిగి చూసి అడిగాడు.

"గిది అన్నం పెట్టే బండా సారూ, అన్నం గుంజుకునే బండా?"

"చూద్దువుగాని," అన్నాను. నలుగురు హమాలీలు దాన్ని ఎత్తి లోపల దించారు. వాళ్ళు ఎందుకు ఎత్తాల్సివచ్చిందో ఆ క్షణాన నా బుర్రకు తట్టలేదు. గుంపును చూసి మురుస్తున్నాను.

లోపల ఆట అద్భుతంగా సాగింది. బల్ల మీద పన్నెండు కట్టలు పేర్పించి, పిడి కొట్టి, ఆ మూల నుంచి ఈ మూలకు ఒంటిచేత్తో లాగాను. వర్తకుడు పంచె ఎగ్గట్టి తానే పిడి కొట్టాడు. బరువు లేచేసరికి ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖమైంది. "బాగున్నదయ్యా. ఇగ లారీ కాడికి తీస్కపో," అన్నాడు.

ఉత్సాహంగా వాకిలి దాకా లాగాను. అక్కడ బండి ఆగింది.

గడప. జానెడు ఎత్తు టేకు గడప, నిండా పసుపు, కుంకుమ బొట్లు. నా బండి చక్రాలు చాయ్ సాసరంత. పుట్టిన దగ్గర్నుంచి గడపలు దాటుతున్న మనిషిని. తొక్కకూడదని కాలికి అలవాటైపోయి తనంతట తనే లేస్తుంది, కంటితో పని లేదు. వాకిలి వెడల్పు రెండుసార్లు కొలిచినవాణ్ణి, నా కాలు దాటుతున్నదాన్ని చూడనే లేదు.

అక్కడితో నోరు మూసుకున్నా బాగుండేది. "ఏం పర్లేదు, రంపంతో ఇంత కోసేస్తే సరిపోతుంది," అన్నాను.

బండి ఆగిందని నవ్వుతున్న హమాలీలు నవ్వడం మానేశారు. వర్తకుడు గడపనూ నన్నూ చూసి, గొంతు పెంచకుండా, "మా నాయిన పెట్టిన గడప. శుక్రారం శుక్రారం మా ఆడోళ్ళు మొక్కుతరు. నీ బండి కోసం దాన్ని కోస్తవా? తీస్కపో దీన్ని," అని భోజనానికి వెళ్ళిపోయాడు.

మేస్త్రీ బీడీ వెలిగించుకుని, "ముద్దుగ నడిచింది గానీ సారూ, దీనికి గడప దాటుడు రాదు," అన్నాడు.

శనివారానికి ఒక్కరోజే ఉంది. బండి వెనక్కి పోతే ఆ సేల్స్‌మన్ నవ్వు జన్మంతా వినాలి. తోపుడుబండివాడు కూడా ఎటో పోయాడు. చేసేదేం లేక ఒక కట్ట మీద కూర్చుని, హమాలీలు లారీ నింపుతుంటే చూస్తూ ఉండిపోయాను. చూడడం మొదలుపెట్టింది ఏడుపుమొహంతోనే. కాసేపటికి లేచి వాళ్ళ వెనక నడిచాను. వాళ్ళతోపాటు అడుగులు లెక్కపెట్టాను. గోడౌన్ వెనక గోడ నుంచి గడప దాకా నలభై నాలుగు అడుగులు, వీపు మీద కట్టతో. గడప నుంచి పలక ఎక్కి లారీలోకి ఆరు.

మళ్ళీ లెక్కపెట్టాను. నలభై నాలుగు, ఆరు. నడుము విరిగేది గడప దగ్గర కాదు, లోపల. యంత్రాన్ని లారీదాకా తీసుకెళ్ళాలని ఎవడు చెప్పాడు? నాకు నేనే చెప్పుకున్నాను.

"మేస్త్రీ, మీ కూలి రోజుకా, కట్టకా?"

"కట్టకే. లారీల ఎన్ని పడితే అన్నిటికి."

"లోపలి నడక నా బండి నడిస్తే?"

అతను బీడీ నోటి దగ్గరే ఆపేశాడు. నేను వివరించక్కర్లేకపోయింది. "అంటే గడప దాకా నీ బండి, గడప దాటినంక మా వీపు. కట్ట మాదే, కూలి మాదే," అన్నాడు. తర్వాత తన మనుషుల వైపు తిరిగి, "లేవున్రి, బల్ల మీద పెట్టున్రి," అన్నాడు.

ఒక బల్ల మీద పేర్చడం, ఒక బల్ల లాక్కురావడం. ఒకడు గడప ఇవతల కట్టను ఎత్తి అందిస్తే, అవతలివాడు వీపున వేసుకుని ఆరడుగుల్లో లారీ ఎక్కేస్తున్నాడు. రెండు బల్లలూ ఖాళీ లేకుండా తిరిగాయి. గడపకు ఎవరి కాలూ తగల్లేదు. నేను పిచ్చివాడిలా వాళ్ళ మధ్య అటూ ఇటూ పరుగెత్తాను. వర్తకుడు తాంబూలం నములుతూ తిరిగొచ్చేసరికి లారీ డ్రైవరు తాడు బిగిస్తున్నాడు.

"గప్పుడే అయిపోయిందా?" అన్నాడాయన.

"అయింది దొరా," అన్నాడు మేస్త్రీ. "రెండో లారీ ఉంటే పిలువున్రి."

వర్తకుడు గడప దగ్గరికి పోయి, వంగి, పసుపు చెరిగిందేమోనని చూశాడు. చెరగలేదు. నా వైపు తిరిగి, "మీ సేఠ్‌కు చెప్పు. బండి ఈడనే ఉంటది," అన్నాడు.

స్టేషన్ ఎదుటి హోటల్లో టెలిఫోన్ ఉంటే దుకాణానికి చేశాను. ఎత్తింది సేల్స్‌మనే. "సేఠ్‌కు ఇవ్వండి," అన్నాను, అంతకన్నా ఒక్క మాట కూడా ఎక్కువ అనకుండా. సేఠ్ అంతా విని, "గడప లోపల్నే తిప్పిన్రా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత, "సోమవారం ముందల టేబుల్ కాడ కూసో," అన్నాడు.

టేపు మరిచిపోయానని మళ్ళీ గోడౌన్‌కు వెళ్ళాను. రెండో లారీ వచ్చేసింది. పిడి ఒకడు మరీ విసురుగా కొడుతున్నాడు. నూనె చిందుతుందని భయం వేసి, చూపిద్దామని చెయ్యి చాచాను.

"జర జరుగు సారూ," అన్నాడు మేస్త్రీ. "మా బండి, మేం జూస్కుంటం."

జరిగాను.