మూడు బస్సులు బయల్దేరిన సాయంత్రం

ఆ రోజుల్లో అంటే రాజులూ గుర్రాలూ తిరిగిన రోజులనుకునేరు, గట్టిగా పదేళ్లు కూడా కాలేదు. అయినా ‘ఆ రోజుల్లో’ అని మొదలుపెడితే తప్ప మనిషికి పెద్దరికం రాదని మా నాయనను చూసి నేర్చుకున్నాను. ఆ రోజుల్లో, నాకు మీసమూ తెలివీ రెండూ సగం సగం మొలిచిన కాలంలో, ఆత్మకూరులో ఒక కేబుల్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. చదువు నన్ను తొమ్మిదో తరగతిలో వదిలేసింది (నేనే దాన్ని వదిలేశానని ఇంట్లో అంటారు, ఒకరినొకరం వదిలేసుకున్నామంటే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది). మా ఆఫీసులో పని రెండు రకాలు. నిచ్చెన పని, లాప్‌టాప్ పని. నిచ్చెన పనివాడు ఎండలో స్తంభమెక్కి తీగ లాగుతాడు. లాప్‌టాప్ పనివాడు నీడలో ఫ్యాను కింద కూర్చుని, ఇంటివాళ్లు ఇచ్చిన మజ్జిగ తాగుతూ, రూటర్ పెట్టెకు సెట్టింగులు పెడతాడు. మజ్జిగ నిచ్చెన దాకా వచ్చిన సందర్భం నాకు గుర్తులేదు. కాబట్టి జీవితంలో నా ఆశయం ఒక్కటే, నిచ్చెన దిగడం.

ఆ అవకాశం ఉదయగిరి వైపు నుంచి వచ్చింది. సీతారామపురం పోయే దారిలో, కొండ చాటున ఒక ఊరుంది. సెల్‌ఫోన్ సిగ్నల్ కొండకు అవతలి వైపు దాకా వచ్చి, ఊరిని ఒకసారి తొంగిచూసి వెనక్కి పోయేది. ఊరు మొత్తానికి మాట్లాడే ఆధారం పెద్దమ్మ ఇంట్లో ఉన్న పాత ల్యాండ్‌లైన్. ఆమె నాకేమీ పెద్దమ్మ కాదు, ఊరందరికీ పెద్దమ్మే, పొలాలున్న ఇల్లు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు భూమిలోని తీగ తెగి ఆ ఫోన్ మూగబోయింది. ఇప్పుడు మేము ఇంటర్నెట్ తీగ వేసి, రూటర్ పెట్టి, దాని వెనక్కి పాత ఫోన్నే తగిలిస్తే ఇంటర్నెట్ మీదుగా మాట పోతుంది. మా లాప్‌టాప్ పనివాడు సరిగ్గా ఆ వారమే నెల్లూరులో వేరే ఉద్యోగం చూసుకున్నాడు. మా ఓనరు, అందరం అన్న అని పిలిచే మనిషి, నన్ను పైనుంచి కిందికి చూసి, వేరే గతి లేదని తేల్చుకున్నాడు.

“పెద్దమ్మ ఇంట్లో ఫోన్ సక్రమంగా మోగిందంటే ఊరు ఊరంతా మనదేరా. పని చేసుకోనొచ్చినావంటే నిచ్చెన దిగతావు. తేడా వచ్చిందా, ముసలోడివయ్యేదాకా దాని మీదే ఉంటావు.”

ఆఫీసు ఆటో నన్నూ, నిచ్చెననూ, తీగ చుట్టనూ, లాప్‌టాప్‌నూ పొద్దున్నే ఆ ఊళ్లో దించేసి వెళ్లిపోయింది. సాయంత్రం బస్సుకు రమ్మన్నారు. మధ్యాహ్నానికల్లా తీగ ఇంట్లోకి తెచ్చాను. మజ్జిగ వచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని ఫ్యాను కింద కూర్చున్నప్పుడు కలిగిన గౌరవం, తర్వాత నా పెళ్లిలో కూడా నాకు కలగలేదు. సెట్టింగుల పేజీ అంతా ఇంగ్లీషు. నాకు ఇంగ్లీషులో బాగా వచ్చినవి రెండే, ఓకే, క్యాన్సిల్. అన్న కాగితం మీద రాసిచ్చిన ఫోన్ నంబరు, పేరు, పాస్‌వర్డు వాటి వాటి గళ్లలో ఎక్కించి ఓకే కొట్టాను. పెట్టె మీద ఫోను బొమ్మ పచ్చగా వెలిగింది. రిసీవర్ ఎత్తితే ‘గుయ్’మని శబ్దం. ఆ శబ్దం విని పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. వెంటనే ఉదయగిరి బస్టాండులో టీకొట్టు పెట్టుకున్న భాయ్‌కి ఫోన్ చేసింది. “ఫోనొచ్చింది భాయ్. ఈ పొద్దు నుంచి మళ్లా మొదులుపెట్టు” అని, వేరే మాట లేకుండా పెట్టేసింది. ఏం మొదలుపెట్టాలో నేను అడగలేదు. లాప్‌టాప్ పనివాళ్లు ప్రశ్నలు అడగరు.

అక్కడితో లేచొచ్చి ఉంటే ఈ కథ లేదు. అన్న పరీక్ష కోసం ఆత్మకూరు నుంచి ఫోన్ చేశాడు. ఫోన్ మోగుతోంది. పెద్దమ్మ చింతపండులో గింజలు తీస్తూ దాన్ని చూస్తోందే గానీ కదలడం లేదు. ఒకటి, రెండు, మూడు మోగాక అప్పుడు లేచి తీసింది. “మూడో రింగు దాకా ఎత్తమయ్యా మేము, ఎందుకంటే...” అని ఏదో చెప్పబోయింది. “నాకు తెలుసులే పెద్దమ్మా” అన్నాను. (తొందరగా బడి మానేసినవాళ్లందరికీ కంఠతా వచ్చే వాక్యం ఇది.) నాకు తెలిసింది ఏమిటంటే, పాపం మోకాళ్ల నొప్పులు, లేవలేకపోతోందని. సరిగ్గా ఆ మోకాళ్ల కోసమే చేసినట్టు పేజీలో కింద ఒక గడి కనబడింది. టిక్కు పెడితే మొదటి రింగుకే ఫోన్ దానంతటదే ఎత్తుకుని, మనం ముందుగా చెప్పిపెట్టిన మాట వినిపించి, అవతలివాళ్లు చెప్పింది దాచిపెడుతుంది. విస్తరి ముందు కూర్చున్నవాడు వడ్డించేదల్లా వేయించుకున్నట్టు టిక్కు పెట్టేశాను. ఇక గొంతు కావాలి. పశువుల కొట్టం వెనక్కి పోయి నాలుగుసార్లు సాధన చేసి, రేడియోలో వార్తలు చదివేవాడి గొంతు అరువు తెచ్చుకుని రికార్డు చేశాను. “నమస్కారం. మీరు సంప్రదించిన వారు ప్రస్తుతం అందుబాటులో లేరు. బీప్ శబ్దం అనంతరం మీ అమూల్యమైన సందేశాన్ని తెలియజేయగలరు.” చివర్లో బర్రె ఒకటి అరిచింది. నిండుతనం వచ్చిందని ఉంచేశాను. ఆ రికార్డు ఆత్మకూరులో మా ఆఫీసు కంప్యూటర్లో కూర్చుంటుంది, దాన్ని వాడాలా వద్దా అన్నది ఇక్కడి పెట్టె చెబుతుంది. అన్ని సెట్టింగులనూ ఒక ఫైలుగా లాప్‌టాప్‌లో భద్రపరిచి, పనితనం అంటే ఇదీ అనుకున్నాను.

సాయంత్రం బస్సు వేళకు ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. పెద్దమ్మ అరుగు మీదికి వచ్చి “బస్సు బయల్దేరింది” అని ఒక కేక వేసింది. ఆ కేకను పక్కింటివాళ్లు అందుకున్నారు, వాళ్ల దగ్గర్నుంచి ఎదురింటివాళ్లు. కాసేపటికి రోడ్డు మీద పదిమంది దాకా చేరారు. ఉదయగిరి నుంచి రోజూ వచ్చిపోయే టీచరమ్మ, కూరగాయల గంపతో ఒకామె, ఆస్పత్రికి పోవాల్సిన ముసలాయన, నిచ్చెనతో నేను. సంగతేమిటని అడిగితే టీచరమ్మ చెప్పింది. ఈ ఊరి దాకా వచ్చి వెనక్కి తిరిగే బస్సు ఉదయగిరిలో కదలగానే భాయ్ ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తాడు. బస్సు రాకపోతే రెండు రింగులు. ఫోన్ ఎవరూ ఎత్తరు. మూడో రింగు దాటితేనే అది మాట్లాడాల్సిన ఫోను. ఊళ్లోకి ల్యాండ్‌లైన్ వచ్చిన నాటి నుంచి ఇదే పద్ధతి, కాల్‌కు డబ్బులు పడే రోజుల్లో మొదలైంది. “ఇప్పుడు మాట్లాడినా ఫ్రీయే కదా మేడమ్” అన్నాను. “ఫ్రీ అయితే మాత్రం, ఒక్క ముక్కకు ఎంతసేపు మాట్లాడతారయ్యా?” అంది.

అప్పుడే పాల ఆటో వచ్చి ఆగింది. బస్సు రాని రోజున ఊరికి అదే దిక్కు. “ఎవరన్నా వస్తారా?” అన్నాడు డ్రైవరు. “బస్సొస్తా ఉండాది, నువ్వు పో” అన్నారు అందరూ ఒక్క గొంతుతో. ఖాళీగా పోయింది. దుమ్ము ఇంకా అణగలేదు, ఫోన్ మళ్లీ ఒక్కసారి మోగి ఆగింది. పెద్దమ్మ అరుగు మీదికి వచ్చి, ఈసారి కొంచెం అనుమానంగా, “ఇంకోటి బయల్దేరింది” అంది. జనం ముఖాలు ముఖాలు చూసుకున్నారు. ఒక బస్సే సరిగ్గా రాని ఊరికి రెండు బస్సులు. అంతలో మరో రింగు, ఒక్కటే. మూడో బస్సు. ఆస్పత్రి ముసలాయన చేతికర్ర మీద గడ్డం ఆనించి, “ఎలచ్చన్లేమన్నా వచ్చినాయేందిరా?” అన్నాడు. గంపామె మాత్రం మూడోదాంట్లో అయితే కూర్చోవడానికి సీటు దొరుకుతుందని లెక్క వేసుకుంది. నేను కూడా రోడ్డు వైపే చూస్తున్నాను. మొదటి రింగుకే ఫోన్ ఎత్తమని పెట్టెకు చెప్పింది నేనేనన్న సంగతి నా బుర్రలోకి ఇంకా బయల్దేరలేదు.

పొద్దు కొండ మీద పడింది. మూడు బస్సుల్లో ఒక్కటీ రాలేదు. పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి నన్ను పిలిచి, ఫోన్ పక్కన ఎర్రలైటు మిణుకుమంటోంది, ఏమిటో చూడమంది. సందేశం వచ్చిందన్నాను, కొంచెం గర్వంగానే. నా వెనకే రోడ్డు మీది జనమంతా వసారాలోకి వచ్చారు. నలుగురూ విననీ అని స్పీకరు నొక్కాను. టీ గ్లాసుల చప్పుడు మధ్య నుంచి భాయ్ గొంతు వచ్చింది.

“హలో... అమూల్యమా? ఎవురయ్యా నువ్వు? పెద్దమ్మ లేదా? ఆ బర్రె ఎవురిది? హలో... పెట్టేస్తా ఉండా.”

బీప్.

“మళ్లా నువ్వేనా. అందుబాటులో లేరంటావు, ఫోన్ మాత్రం టక్కున ఎత్తతా ఉండావు. ఎత్తబాక.”

బీప్.

మూడోసారి చిన్నపిల్లవాడికి నచ్చజెప్పినట్టు అన్నాడు. “అబ్బయ్యా, చెప్పేది విను. బస్సు రాదు, చెడిపోయుండాది. నేను రెండు రింగులియ్యాల. నువ్వు ఒకదానికే ఎత్తేస్తే రెండోది నేను యాడియ్యాల్రా? రింగనేది ఎత్తేదానికి గాదు నాయనా. వినేదానికి.”

ఒక్కొక్కరే నావైపు తిరిగారు. తిట్టి ఉంటే బాగుండేది. నిచ్చెన గోడకు ఆనించి ఉంది, అది కూడా నన్నే చూస్తున్నట్టనిపించింది. ముసలివాడినై, కర్ర ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో దాన్ని ఎక్కుతున్నట్టు కనబడింది. పెద్దమ్మ మాత్రం నిదానంగా, పెట్టెనే చూస్తూ అంది. “ఏమయ్యా, ఆ పెట్టెలో నువ్వు కూర్చోని ఎత్తతా ఉండావా? లేచి బయటికి రా.”

వచ్చాను. లాప్‌టాప్ తెరిచి, మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కటిగా పెట్టిన టిక్కులన్నీ ఒక్కొక్కటిగా తీశాను. ఎత్తే గడి తీశాను. దాచే గడి తీశాను. ఏమిటో తెలియక పెట్టినవీ తీశాను. నాకు వచ్చిన రెండో ఇంగ్లీషు మాట ఆ రోజు బాగా పనికొచ్చింది. తర్వాత పెద్దమ్మ ఫోన్లోంచే భాయ్‌కి చేసి, ఒకసారి రెండు రింగులిచ్చి చూడమన్నాను. “నువ్వేనా పెట్టెలో ఉండేది?” అన్నాడు. అవునన్నాను. “బర్రె నీదేనా?” కాదన్నాను.

ఫోన్ పెట్టేసి అందరం దాని చుట్టూ కూర్చున్నాం. ఒకటి మోగింది. రెండోది మోగింది. ఆగిపోయింది. వసారా అంతా ఒక్కసారి నవ్వింది. గంపామె నా వీపు మీద చరిచింది. బస్సు రాదని ఖాయంగా తెలిసినందుకు అంత సంతోషపడిన జనాన్ని నేను మళ్లీ చూడలేదు. పెద్దమ్మ తన ట్రాక్టరు కట్టించి అందర్నీ ఉదయగిరికి పంపింది. ట్రాలీలో కూర్చునే చోటు లేదు. నిచ్చెన అడ్డంగా పరిచి, టీచరమ్మనూ ముసలాయననూ దాని మీద కూర్చోబెట్టి, నేను వాళ్ల కాళ్ల దగ్గర కూర్చున్నాను. నిచ్చెనకు కింద ఉన్నానన్న మాటే గానీ, అన్న చెప్పిన దిగడం ఇది కాదని నాకు తెలుసు.

మర్నాడు ఆఫీసుకు పోయేసరికి అన్న ఫోన్లో ఉన్నాడు. అవతల పెద్దమ్మ. నేను మూలనున్న నిచ్చెన పక్కన, మా ఇద్దరికీ ఒకే శిక్ష అన్నట్టు నిలబడ్డాను. అన్న చాలాసేపు ‘ఊ’ కొట్టి పెట్టేశాడు.

“ఆ ఊళ్లో ఇంకా ఏడెనిమిది ఇండ్లకు కనెక్షన్ కావాలంట. సెట్టింగులకు నువ్వే రావాలంట. ఏం పెట్టినావురా అంత గొప్పగా?”

“ఏం పెట్టలేదన్నా. తీసేసినా.”

అన్న లాప్‌టాప్ సంచీ తీసి నా భుజానికి తగిలించాడు. తర్వాత తెలిసింది, పెద్దమ్మ ఆయనతో అన్న మాట. ఈ పిల్లోడికి ఒకసారి బుద్ధొచ్చుండాది, కొత్తోడిని పంపిస్తే వాడికి మళ్లా మొదటి నుంచి రావాల అని. ఇంతకు మించిన సర్టిఫికెట్ నాకు ఏ బడీ ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ ఆఫీసు నేనే చూసుకుంటున్నాను. అన్న పొలం చూసుకుంటున్నాడు. కొండ మీదికి టవరు వచ్చింది. బస్సు ఎక్కడుందో ఫోన్లోనే కనబడుతుందంటారు, బస్సు కనబడటమే తగ్గింది. భాయ్ కొట్టు ఆయన కొడుకు నడుపుతున్నాడు. పెద్దమ్మ మాత్రం ఆ ల్యాండ్‌లైన్ తీయనివ్వలేదు. మొన్న వానల్లో పిడుగు పడి ఆమె ఇంట్లో రూటరు కాలిపోతే, మా వాళ్లు పోయి కొత్తది పెట్టి, పాత లాప్‌టాప్‌లో దొరికిన, ఆ రోజు నేను భద్రపరిచిన సెట్టింగుల ఫైలు ఎక్కించి వచ్చారు. పని ఎలా ఉందో కనుక్కుందామని నిన్న మధ్యాహ్నం ఫోన్ చేశాను. మూడో రింగు దాకా ఆగాలని నాకు తెలుసు కాబట్టి కుర్చీలో వెనక్కి వాలాను. మొదటి రింగుకే ఎవరో ఎత్తారు.

“నమస్కారం. మీరు సంప్రదించిన వారు ప్రస్తుతం అందుబాటులో లేరు...”

మొదట పోల్చుకోలేదు. ఎవడో కుర్రాడు, లేని గంభీరం తెచ్చుకుని, ఊపిరి చాలక, ‘అమూల్యమైన’ దగ్గర తడబడుతున్నాడు. తర్వాత బర్రె అరిచింది. ఆ బర్రె ఇప్పుడు లేదు. ఆ కుర్రాడూ లేడనే అనుకున్నాను ఇన్నాళ్లూ. బీప్ వచ్చాక నా అమూల్యమైన సందేశం కోసం అవతల వాడు ఎదురుచూస్తున్నాడు. వాడికి ఏం చెప్పినా, నాకు తెలుసులే అంటాడు.

పెట్టేశాక గుర్తొచ్చింది. అక్కడ పెద్దమ్మ చింతపండు ముందు కూర్చుని వింటూ ఉంటుంది. ఆమెకు వినబడింది ఒక్క రింగే. ఒక్క రింగు అంటే బయల్దేరినట్టు. లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని, ఆఫీసు తలుపు దగ్గరికి లాగి, బండి తీశాను.