నడుమ భాగం

కార్లలో నడిచే సాఫ్ట్‌వేర్‌ను విడివిడి భాగాలుగా కట్టడం నా ఉద్యోగం. బ్రేకులు చూసే భాగం అద్దాలు దించే భాగంతో నేరుగా మాట్లాడకూడదు. ఏదైనా ఉంటే నడుమ ఉన్న మరో భాగానికి చెప్పాలి, అది చేరవేస్తుంది. ఈ పద్ధతి నేను కాలేజీలో నేర్చుకున్నానని ఆఫీసులో అనుకుంటారు. నిజానికి యాలాల్ దగ్గరి మా ఇంట్లో నేర్చుకున్నాను.

పొలం పంచుకున్నప్పటి నుంచి నాయినకూ చిన్నాయనకూ మాటల్లేవు. ట్రాక్టర్‌ను మాత్రం రెండు ముక్కలు చేయలేకపోయారు. సాయంత్రం ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుంటారు.

"బిడ్డా, రేపు ట్రాక్టర్ నాకు గావాలె, గాయనకు చెప్పు" అంటాడు నాయిన.

పక్కనే ఉన్న చిన్నాయనకు నేను మళ్లీ చెప్పేదాకా వినపడదు. "పొద్దుగాల తీస్కపొమ్మను" అని నాకే జవాబిస్తాడు. అడకత్తెరలో పోకచెక్క బతుకే అయినా, జీతం లేని ఈ కొలువు పొల్లుపోకుండా చేశాను.

ఉద్యోగం ఇంటి నుంచే చేస్తాను. మొన్న కంది కోతలయ్యాక, ఊళ్లోకంటే నెట్ బాగా వస్తుందని వికారాబాద్‌లో అక్క ఇంటికి వెళ్లి పెద్ద మీటింగులో కూర్చున్నాను. ఫోను సైలెంట్‌లో పెట్టాను. నా పద్ధతి వివరిస్తుంటే ఒకాయన అడిగాడు, నడుమ భాగమే పలకకపోతే ఎట్లా అని. అట్లాంటిది జరగదని ధీమాగా చెప్పాను.

మీటింగు అయ్యాక చూస్తే ఫోను నిండా నాయినవీ చిన్నాయనవీ కాల్స్. బయట కాలం గాని మబ్బు. నాయిన కందులు బస్తాల్లో కళ్లం మీదున్నాయి, ట్రాక్టర్ తాళంచెవి చిన్నాయన జేబులో ఉంది. ట్రాక్టర్ కావాలని ఆయన, తీసుకుపొమ్మని ఈయన, ఇద్దరూ నాకే చెప్పాలి. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఏడాది కష్టం నా చేతుల్లోనే పోయిందనుకున్నాను. దొరికిన రైలెక్కాను. ధారూర్ దాటేసరికి వాన మొదలైంది.

తాండూరులో దిగి ఇల్లు చేరేసరికి వాకిట్లో ట్రాలీ, బస్తాల మీద టార్పాలిన్ పట్టా కప్పి ఉంది. అడుగు వరుస కాస్త తడిసింది, అంతే. అరుగు మీద ఇద్దరూ మోకాళ్ల దాకా బురదతో కూర్చున్నారు. చిన్నాయన నన్ను చూసి నాయిన వైపు తిరిగాడు.

"అన్నా, గీ పిల్లను నమ్ముకుంటే మునిగినట్టే."

"ఔ తమ్మీ, ఫోన్ గూడ ఎత్తదు" అన్నాడు నాయిన.

నాకు ఏడుపొచ్చింది. జీతం లేని ఆ కొలువు పోయినందుకు అంత సంతోషపడ్డది అదొక్కసారే.