మా అమ్మకు నచ్చిన ముఖం

నాకు చిన్నప్పటి నుంచీ ఎత్తుపళ్ళు. గడ్డం కాస్త లోపలికి ఉండేది. ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో ఉండగా అమ్మ నన్ను సికింద్రాబాద్‌లో కొత్తగా ఆస్పత్రి పెట్టిన పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నాన్న రైల్వేలో పనిచేసేవారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మెట్టుగూడ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. ఆ రోజుల్లో ఏ ఇంట్లో విన్నా సాఫ్ట్‌వేర్ సంబంధాల కబుర్లే. అలాంటి అల్లుడు రావాలంటే ముందు పిల్ల పలువరుస బాగు చేయించమని అమ్మకు ఎవరో చెప్పారు.

అంతకు కొన్నేళ్ళ ముందు మా పెద్దమ్మ కూతురికి క్లిప్పులు వేసిన డాక్టరు, నోట్లో ముద్ద పెట్టి అచ్చు తీసి, ఆ ప్లాస్టర్ పళ్ళు చూపించి "సరిచేస్తాం" అన్నాడంతే. చివరికి ఎలా వస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి, వచ్చినదాన్ని చూసి అందరూ సంతోషించారు. నా వంతు వచ్చేసరికి కంప్యూటర్ వచ్చింది.

అక్కడ పనిచేసే ఆమె నన్ను తెల్లగోడ ముందు నిలబెట్టి, "జెర కదలకు చెల్లె, పండ్లు కనపడేటట్టు నవ్వు" అని ఫోటోలు తీసింది. డాక్టరు వాటిని తెరమీదికి తెచ్చి, మౌస్‌తో నా పళ్ళను లోపలికి జరిపాడు. అమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది.

"గడ్డం కూడా కాస్త ముందుకొస్తే బాగుంటాది కదేటండీ?"

"చూద్దాం మేడమ్," అని దాన్నీ లాగాడు.

"ముక్కు కొంచెం సన్నం చెయ్యండి."

"అది మా పని కాదు మేడమ్," అని నవ్వి, అదీ చేశాడు.

ఫోటోలు తీసిన ఆమె వెనకనుంచి, "గిప్పుడు మస్తుగున్నది," అంది. బయట బెంచీమీద కూర్చున్నవాళ్ళు తొంగిచూశారు. తెరమీద ఎడమవైపు నేను, కుడివైపు ఆ అమ్మాయి. అమ్మ ఎడమవైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ ముఖాన్ని రంగుల్లో ప్రింటు తీయించి ఇచ్చారు. చోటు కోసమని నా నాలుగు మంచి పళ్ళు పీకి, తీగలు వేశారు. వాటిని బిగించినప్పుడల్లా రెండు రోజులు పెరుగన్నం కూడా నమలలేకపోయేదాన్ని. ఏడిస్తే అమ్మ ఆ ప్రింటు తెచ్చి ముందు పెట్టేది. "దీన్ని చూసి ఓర్చుకో," అనేది. బంధువులు వస్తే, నేను పక్కనే నిలబడి ఉండగా, షోకేసులోని కాగితం చూపించి "మా అమ్మాయి," అని చెప్పేది.

ఇంజినీరింగ్ చివర్లో తీగలు తీసేశారు. నాలుకతో తడుముకుంటే పళ్ళు నున్నగా తగిలాయి. చాలా సంతోషం వేసింది. డాక్టరు కొత్త ఫోటో తీసి తెరమీద పెట్టాడు. అమ్మ దానివంక చూసి, "గడ్డం అలాగే ఉందేటండీ?" అంది.

"పళ్ళు పర్ఫెక్ట్‌గా వచ్చాయి మేడమ్. దవడ కదలాలంటే ఆపరేషన్ చెయ్యాలి. అప్పుడు చూపించింది జస్ట్ సిమ్యులేషన్."

అమ్మకు ఆ మాట అర్థం కాలేదు. దారి పొడుగునా ఆటోలో నావైపు చూడకుండా కూర్చుంది.

తర్వాత కొన్నాళ్ళకు అల్వాల్‌నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్ళూ మా వైపువాళ్ళే, అబ్బాయి సాఫ్ట్‌వేర్. అమ్మ నెట్ సెంటర్‌కి వెళ్ళి పంపించిన ఫోటో ఏదో నాకు తెలియదు. ఆదివారం అబ్బాయి, వాళ్ళ అమ్మగారు వచ్చారు. నేను కాఫీ తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ కప్పు అందుకుని, నాకు చోటిచ్చి కూర్చోబెట్టుకుని, చదువు అడిగింది. ఆప్యాయంగానే మాట్లాడింది. తర్వాత అమ్మవైపు తిరిగి, "పెద్దమ్మాయిని కూడా పిలవండి వదినగారూ, మావాడు చూస్తాడు," అంది.

అమ్మ నా ముఖంలోకి చూసింది. నేను ఒక్కదాన్నే కూతుర్ని.

"అది ఊళ్ళో లేదండీ," అంది అమ్మ. "విశాఖపట్నంలో మా చెల్లెలింటికెళ్ళింది. వచ్చే నెల వస్తాది."

నాన్న చేతిలోని పేపరు మడత విప్పి మళ్ళీ మడిచారు. అబ్బాయి మిక్చరు తిన్నాడు. వెళ్ళేటప్పుడు ఆవిడ నా తల నిమిరి, "అక్క రాగానే ఫోన్ చెయ్యమ్మా," అంది. నేను తల ఊపాను.

మర్నాడే అమ్మ ఆపరేషన్ గురించి కనుక్కురావడానికి వెళ్ళింది. నెలలో ముఖం మానుతుందా అని అడిగిందట. ఆ సంగతి నాన్న వంటింటి గుమ్మంలో నిలబడి నాకు చెప్పి, డ్యూటీకి వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా అల్వాల్‌నుంచి ఆవిడే ఫోన్ చేసింది. నేను ఎత్తాను. అమ్మ పక్కగదిలో బట్టలు మడతపెడుతోంది.

"అక్క వచ్చిందా అమ్మా?"

"నాకు అక్క లేదండీ. ఆ ఫోటో నాదే. కంప్యూటర్‌లో మార్చారు."

"అలాగా," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. "నువ్వు మంచి పిల్లవేనమ్మా. కానీ మావాడు ఆ అమ్మాయినే చేసుకోవాలనుకుంటున్నాడు. ఏమనుకోకు." ఫోన్ పెట్టేసింది.

వెనక్కి తిరిగేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. మంచం అంచున కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్కన కూర్చుని భుజంమీద చెయ్యి వేశాను. తీసేసింది.

"బంగారంలాంటి సంబంధం," అంది. "చేతులారా దాని పెళ్ళి చెడగొట్టావు."