ఎస్తేరమ్మ గుర్రం గిటారుకు నేను పెట్టిన మెరుపు

2022లో ఉగాది వెళ్ళిన సోమవారం. రంజాను ఉపవాసాలు మొదలై రెండో రోజు. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఒక సందులో ఉన్న మా వాయిద్యాల దుకాణంలో, ఫ్యాను కింద కూర్చుని ఎవరిదో గిటారుకు తీగలు మారుస్తున్నాను. మా నాయన ఇదే దుకాణంలో హార్మోనియాలు బాగుచేసేవాడు. నేను గిటార్లకు మళ్ళి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ పనిలో నాకు తెలియనిది ఇంకేమీ మిగల్లేదని గట్టిగా నమ్ముతున్న రోజులవి.

ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాళ్ళకు కంపెనీ పిచ్చి మామూలుగా ఉండదు. ఉరవకొండ ఆర్కెస్ట్రాలో వాయించే ఒకాయన చవక గిటారు కొని, దాని తల మీద విదేశీ కంపెనీ పేరు అతికించమని నా ప్రాణం తీశాడు. ఇంకొకాయన తన అభిమాన కంపెనీని ఎవరైనా ఒక మాటంటే వారం రోజులు దుకాణం గడప తొక్కేవాడు కాదు. మా కంపెనీ శబ్దమే వేరు అని వాదించేవాళ్ళను వెనక్కి తిరిగి నిలబడమని, రెండు మూడు గిటార్లు నేనే మోగించి, ఏది ఏదో చెప్పమనేవాణ్ణి. చాలామంది తప్పు చెప్పేవారు. చెక్క, తీగ, అయస్కాంతం, ఇంతకు మించి ఇందులో ఏముందని వాళ్ళను ఆటపట్టించడం నాకు పెద్ద కాలక్షేపం.

నా లెక్కలో ఆ పిచ్చివాళ్ళందరికీ పెద్ద ఎస్తేరమ్మ. వాళ్ళది రాప్తాడు దగ్గర ఒక పల్లె. వారమంతా కూలికి పోతుంది, వేరుశనగ చేలల్లో కలుపు తీస్తుంది, ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తుంది. నలభై అయిదేళ్ళు దాటిన మనిషి కొంగు నడుముకు దోపుకుని, గిటారు పట్టీ భుజాన వేసుకుని నిలబడితే మొదటిసారి చూసినవాళ్ళు నోరు తెరవాల్సిందే. ఒకప్పుడు ఆ చర్చికి వచ్చిన పాస్టరుగారొకాయన ఆమెకు నేర్పించారట. ఆయన ఇచ్చిపోయిన గిటారు తల మీద గుర్రం బొమ్మ ఉండేది. కంపెనీ పేరు నేను రాయను గానీ, మా చుట్టుపక్కల అందరికీ అది గుర్రం గిటారు. ఖరీదైన సరుకేమీ కాదు.

రేకుల ఇంట్లో ఎండకు వేగి వేగి ఆ మొదటి గిటారు వంకర పోయినప్పుడు, కొత్తది కొనడానికి నా దగ్గరకే వచ్చింది. అంతకంటే మంచివి నాలుగు తీసి ముందు పెట్టాను. ఒక్కటీ వాయించలేదు. సంతలో వంకాయలు ఏరినట్టు ఒక్కొక్కటి పట్టుకుని చూసి పక్కన పెట్టేసింది.

"గుర్రానిది తెప్పించన్నా" అంది.

"ఏముందమ్మా ఆ గుర్రంలో? దానికి సరిగ్గా పాలిష్ కూడా పెట్టరు" అన్నాను.

"ఏమోన్నా, నాకు చెప్పేకి రాదు. దాని మీద చెయ్యి పోతాది, అంతే."

బెంగుళూరు నుంచి తెప్పించి ఇచ్చాను. ఆమె వెళ్ళిపోయాక పక్క దుకాణం వాళ్ళకు ఈ కథ చెప్పి బాగా నవ్వించాను కూడా. అది తొమ్మిదేళ్ళ కిందటి మాట.

ఆ సోమవారం ఎస్తేరమ్మ ఆ రెండో గుర్రం గిటారునే తెచ్చింది. అరచేతికి ప్లాస్టరు ఉంది. చూడగానే గిటారు జబ్బు ఏమిటో నాకు తెలిసిపోయింది. దీన్ని మేము ఫ్రెట్ స్ప్రౌట్ అంటాం. గిటారులో ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి భాగం నెక్. దాని మీద అడ్డంగా వరసగా బిగించిన లోహపు కడ్డీలు ఫ్రెట్లు. మా జిల్లా ఎండకు, పొడిగాలికి నెక్ చెక్క ఎండి కుదించుకుపోతుంది, లోహం మాత్రం అంతే ఉంటుంది. దాంతో ఫ్రెట్ల కొసలు అంచులు దాటి బయటికి పొడుచుకొచ్చి, చెయ్యి జరిపినప్పుడల్లా రంపంలా గీస్తాయి. సబ్బు పెట్టెకు చిల్లులు పొడిచి, తడి దూది పెట్టి గిటారు సంచిలో ఉంచుకోమని నేను అందరికీ చెబుతాను. వానలు పడేదాకా ఆ దూదిని తడుపుతూ ఉండే ఓపిక ఎవరికి ఉంటుంది?

"రెండు వారాల్లో ఈస్టరుండాదన్నా. మొత్తం పదకొండు పాటలు. ఈ ముండ్లు తీసెయ్యి, చాలు" అంది.

చాలు అంది. ఆ మాట నేను సరిగ్గా వినిపించుకుని ఉంటే ఈ కథే లేదు.

ఫ్రెట్ల కొసలు ఆకురాయితో అరగదీసి, నునుపు చేయడం ఒక్క పూట పని. అది అయిపోయాక నెక్ వెనక వైపు చూశాను. వట్టి చెక్క. కంపెనీవాళ్ళు ఏదో నూనె గుడ్డతో తుడిచి వదిలేసినట్టుంది. ఆమె చెయ్యి తగిలి తగిలి నల్లబడి ఉంది. నాకు జాలేసింది. చెక్కలో తేమ ఎగిరిపోకుండా లక్క పూత పెడితే మళ్ళీ ముళ్ళు రావు కదా అనిపించింది. ఆమె అడగకపోయినా, అదనంగా ఒక్క రూపాయి తీసుకోకుండా పూనుకున్నాను. నలుపంతా గీకి, రోజుకొకటి చొప్పున మూడు పూతలు వేసి, అద్దంలా మెరుగు పెట్టాను. నా మొహం అందులో కనిపించింది. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టుకున్నాను. శనివారం ఎస్తేరమ్మ వచ్చి, బస్సు వేళవుతోందని సంచి విప్పకుండానే భుజాన వేసుకుని పోయింది.

మరునాడు, ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం. సోమవారం పొద్దున నేను దుకాణం తెరిచేసరికే ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది.

"బాషన్నా, ఇది నా గిటారు కాదు."

ఉపవాసంలో ఉన్న మనిషిని. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. ఆ మాటకు ఒళ్ళు మండిపోయింది.

"నీది కాకుంటే ఎవురిదమ్మా? నీ గిటారు మార్చుకోని నేను మేడలు కట్టల్లా?"

"నువ్వు మార్చినావని నేనన్లేదు. మారింది అంటాండా."

"ఇదో, బస్సులో తగిలిన దెబ్బ. ఇదో, నువ్వు అంటించుకున్న శిలువ బొమ్మ. ఇవి ఎవురివి?"

"అవన్నీ నావే. చూసేకి నాదే. పట్టుకుంటే నాది కాదు."

అప్పుడు ఆదివారం సంగతి చెప్పింది. పాటల్లో మూడుసార్లు తప్పిందట. మొదటి ఫ్రెట్ దగ్గర నుంచి ఏడో ఫ్రెట్ దగ్గరకు చెయ్యి జరపాలి, జరిగేలోపల పాట ముందుకు వెళ్ళిపోయింది. పాడేవాళ్ళు ఆగిపోయి ఆమె వైపు చూశారు. చర్చికి ఎవరో కొత్తగా కీబోర్డు ఇచ్చారు. అందులోనే గిటారు శబ్దం కూడా వస్తుందట, ఈస్టరుకు దాంతోనే కానిద్దాం లేమ్మా, నువ్వు రెస్టు తీసుకో అన్నారట ఇప్పటి పాస్టరుగారు. ఆయన మంచికే అన్నారని ఆమే చెప్పింది. చెబుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"పద్దెనిమిదేండ్లు వాయించినానన్నా. చేన్లోకి పోతే నేనూ ఒక కూలిమనిషినే, పేరు పెట్టి పిలిచేవాళ్ళు గూడా ఉండరు. ఆ మైకు పక్కన నిలబడినప్పుడు మాత్రమే నేను ఎస్తేరమ్మని. ఆ చోటు పోగొట్టుకునేకి ఇష్టం లేదన్నా నాకు."

నా కోపం సగం దిగిపోయింది. మిగతా సగం మాత్రం పట్టుదలగా ఉండిపోయింది. అందరికీ పెట్టే పరీక్షే ఈమెకూ పెడితే పోలా అనుకున్నాను. కళ్ళు మూసుకోమన్నాను. అయితే ఈసారి శబ్దం కాదు, నెక్ పట్టుకుని చెప్పాలి. ముందు ఆమె గిటారే చేతికిచ్చాను. కాదంది. తర్వాత దుకాణంలో అన్నిటికంటే ఖరీదైనది ఇచ్చాను. అరచెయ్యి అటూ ఇటూ జరిపి, ఇదీ కాదంది. మూడోసారి మూలన పడేసిన తుక్కులోంచి పాత గుర్రం గిటారు నెక్ ఒకటి లాగాను. దానికి తీగల్లేవు, ఒళ్ళు లేదు, వట్టి కట్టెముక్క. చేతిలో పెట్టానో లేదో ఆమె మొహం వెలిగిపోయింది.

"ఇదో! ఇదే నాది. యాడ పెట్టుకున్నావన్నా ఇంతసేపూ?"

కళ్ళు తెరిచి, చేతిలో ఉన్న తుక్కును చూసుకుని, ఒక్క క్షణం బిత్తరపోయి, పగలబడి నవ్వింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తీగే లేని కట్టెకు శబ్దం ఎక్కడిది? ఇన్నేళ్ళు నేను చెవులకు పరీక్షలు పెట్టాను, ఈమె కంపెనీని గుర్తుపట్టింది అరచేత్తో.

"ఏదీ, చెయ్యి చూపీమ్మా" అన్నాను.

ఎన్నోసార్లు నా ముందు కూర్చున్న మనిషి, ఆమె చెయ్యి నేను చూడటం అదే మొదలు. వేళ్ళ మొదళ్ళలో కాయలు కాసి ఉన్నాయి. ఎండకు అరచెయ్యి పగుళ్ళు విచ్చి ఉంది. పైగా చెమట. అలాంటి చెయ్యి అద్దంలా మెరిసే పూత మీద జారదు, జిగురు పూసినట్టు అంటుకుంటుంది. వట్టి చెక్క చెమట పీల్చుకుంటుంది, చెయ్యి సులువుగా నడుస్తుంది. ఫ్యాను కింద కూర్చునే నా మెత్తని చేతికి ఆ మెరుపు పట్టుతువ్వాలులా తోచింది. కంపెనీవాళ్ళు ఖర్చు తగ్గించుకోవడానికి పూత పెట్టకపోవడమే ఆమెను వాళ్ళకు కట్టిపడేసింది. వాళ్ళకు ఆ సంగతి తెలుసో లేదో గానీ, ఆమె తొమ్మిదేళ్ళ కిందటే నాతో చెప్పింది. చెయ్యి పోతాది అని. నేను దాన్ని పిచ్చి కింద జమకట్టేశాను.

"తప్పు నాదేనమ్మా. నువ్వు చాలన్న చోట నేను ఆగలేదు" అన్నాను.

"అయితే తియ్యి. నేనీడే కూచోనుంటా" అంది.

అక్కడే కూర్చుంది. నేను మూడు రోజులు పెట్టిన మెరుపును గీకుడు బ్లేడుతో, గరుకు కాగితంతో, చివర ఉక్కు పీచుతో తీసేయడం మొదలుపెట్టాను. మన పనిని మన చేత్తోనే చెరుపుకుంటుంటే ఎలా ఉంటుందో పని చేసేవాళ్ళకు తెలుస్తుంది. పది నిమిషాలకోసారి ఆమె చెయ్యి పెట్టి చూసేది. "ఇంకొంచెం" అనేది. "ఈడ బాగుండాది, ఆడ ఇంకా పట్టుకుంటాంది" అనేది. నాకు గురువు కూడా అంత కఠినంగా పని నేర్పలేదు. మధ్యాహ్నం నమాజుకు వెళ్ళి వచ్చేసరికి, కాగితం తీసుకుని తనే రుద్దుతూ కనిపించింది.

చివర నూనె గుడ్డతో పల్చగా తుడిచి, తీగలు బిగించి ఇచ్చాను. మొదటి ఫ్రెట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా చెయ్యి ఒక్కసారిగా జరిపింది.

"ఎట్లుండాది?"

"పోతాందిలే. ముందుటి మాదిరి మాత్రం లేదు."

ఉండదు కూడా. తొమ్మిదేళ్ళు ఆమె అరచెయ్యి నునుపు చేసిన చెక్క అది. నేను గీకిపారేసిన ఆ నలుపే దాని అసలు పాలిష్. ఎంత మంచి గరుకు కాగితమైనా దాన్ని ఒక పూటలో తిరిగి తేలేదు. ఆ మాట ఒప్పుకుంటే, ఆమె నన్ను ఓదార్చినట్టుగా, "మిగిల్నది నేను వాయిస్తా వాయిస్తా చేసుకుంటాలే" అంది.

ఈస్టరు ఆదివారం నాకు దుకాణంలో మనసు నిలవలేదు. బండి వేసుకుని రాప్తాడు దాటి ఆ పల్లెకు వెళ్ళాను. చర్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. కీబోర్డు ముందు వరసలో బల్ల మీద గుడ్డ కప్పి సిద్ధంగా ఉంది. మైకు పక్కన ఎస్తేరమ్మ ఉంది. తను తప్పితే అప్పుడు కీబోర్డు తీద్దామని పాస్టరుగారిని ఒప్పించిందట. మొదటి పాటలో ఆమె చెయ్యి ఏడో ఫ్రెట్ వైపు జరిగే ఘట్టం వచ్చినప్పుడు నేను గోడ వదిలి ముందుకు వంగాను. చెయ్యి వెళ్ళింది. రెండో పాటకు పాస్టరుగారు చప్పట్లు కొడుతున్నారు. ఆరో పాటకు నేను కూడా కొడుతున్నాను. పదకొండూ అయ్యేదాకా కీబోర్డు మీద కప్పిన గుడ్డ ఎవరూ తీయలేదు.

బయటికి వచ్చాక నన్ను ఆడవాళ్ళందరి మధ్యకు లాక్కుపోయింది. "నా గిటారు చెడగొట్టిన అన్న ఈయనే" అని అందరికీ పరిచయం చేసింది. వాళ్ళు నవ్వుతుంటే, "బాగు చేసినోడు కూడా ఈయనేలే" అని కలిపింది. నాకు ఉపవాసమని గుర్తుపెట్టుకుని, పొద్దు మునిగాక తినమని వేరుశనగ ఉండలు డబ్బాలో పెట్టిచ్చింది.

కంపెనీ మీద ఇష్టం ఎందుకని ఎవరైనా అడిగితే, నేనిప్పుడు పాత పరీక్షలకు దిగడం లేదు. ఒకరికి రంగు, ఒకరికి పేరు, ఒకరికి మరెవరికీ తెలియని ఇంకేదో ఉంటుంది. దాన్ని వాళ్ళు మాటల్లో చెప్పలేకపోవచ్చు, అంతమాత్రాన అది లేనట్టు కాదు. అందుకే బాగుచేయడానికి గిటారు ఎవరు తెచ్చినా ముందు వాళ్ళ చేతికే ఇచ్చి వాయించమంటాను, ఆ చేతిని చూస్తాను. దీనికి ఏం చెయ్యాలని అడగడం మానలేదు. దాంతోపాటు, దీంట్లో నేను ముట్టుకోకూడనిది ఏమైనా ఉందా అని కూడా అడుగుతాను. చాలామంది ఆ ప్రశ్నకు నవ్వి, గిటారు మీద ఎక్కడో ఒకచోట వేలు పెట్టి చూపిస్తారు.