మూడో వరుసలో ఆరో నట్టు

కోవిడ్ రావడానికి ముందటి వసంతంలో, అంటే న్యూజీలాండ్ లెక్కన అక్టోబరు నెలలో, నన్ను పామర్‌స్టన్ నార్త్ వర్క్‌షాపులో గడ్డి కొట్టే యంత్రాల సర్వీసు మీద వేశారు. రోడ్ల పక్కన పెరిగే గడ్డి, పొదలు కొట్టే కాంట్రాక్టు సంస్థ మాది. నా హోదా లీడింగ్ హ్యాండ్. ఫోర్‌మన్‌కి కింద, మిగతా మెకానిక్కులకి పైన ఉండే మెట్టు అది. జీతంలో పెద్ద తేడా ఉండదు గానీ, సర్వీసు షీటు అడుగున సంతకం పెట్టే అధికారం ఉంటుంది. ఆ సంతకం పడితేనే యంత్రం గేటు దాటుతుంది. ఆ అధికారం నాకు గర్వంగానే ఉండేది, దాచుకోవడం దేనికి. కాకినాడ దగ్గర ట్రాక్టర్ల షెడ్డులో ఇరవై ఏళ్ళు, ఇక్కడ పదకొండేళ్ళు హైడ్రాలిక్ పని చేసినవాణ్ణి. నా చేతి మీదుగా వెళ్ళిన బండి మళ్ళీ రిపేరుకి తిరిగి రాలేదని పదిమందిలో చెప్పుకునేవాణ్ణి కూడా.

హైడ్రాలిక్ ఫ్లెయిల్ మోవర్ అంటే తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. ట్రాక్టరుకి పక్కగా పొడవాటి ఇనప చెయ్యి ఉంటుంది. దాని చివర పెట్టె లాంటి హెడ్. ఆ హెడ్ లోపల, లావుపాటి గొట్టంలా ఉండే రోటరు, నూనె ఒత్తిడితో నడిచే మోటారు సాయంతో తిరుగుతుంది. మా యంత్రానికి ఆ రోటరు మీద ఎనిమిదేసి చొప్పున నాలుగు వరుసల్లో ముప్పై రెండు ఇనప ముక్కలు వేలాడుతుంటాయి. మేం వాటిని హ్యామర్లు అంటాం. ఒక్కోటి కిలో పైనే తూగుతుంది. రోటరు వేగం అందుకోగానే అవి నిటారుగా లేచి గడ్డినీ రెమ్మల్నీ పొడి చేస్తాయి. ఒక్కో హ్యామర్‌ని పట్టి ఉంచేది ఒక్క బోల్టు, ఒక్క నట్టు. ఆ నట్టు ఊడితే హ్యామర్ ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. హెడ్ ముందు గొలుసుల తెర ఉంటుంది నిజమే. అది గులకరాళ్ళని ఆపుతుంది. హ్యామర్‌ని కూడా ఆపుతుందని నేనైతే హామీ ఇవ్వను.

సర్వీసుకి ఒక పద్ధతి ఉంది. ముందు యంత్రం చేతిని నేలకి దించి, ఇంజన్ ఆపి, తాళం చెవి మన జేబులో వేసుకోవాలి. తర్వాత లీవర్లన్నీ అటూ ఇటూ కదిపి గొట్టాల్లో చిక్కుకున్న ఒత్తిడిని వదిలించాలి. నూనె ఫిల్టరు మార్చాలి, బేరింగులకి గ్రీజు పెట్టాలి. హోసుల్లో లీకు ఎక్కడుందో అట్టముక్క అడ్డం పెట్టి చూడాలే తప్ప వేలు పెట్టి తడమకూడదు. సూది మొనంత చిల్లులోంచి వచ్చే నూనె కూడా చర్మంలోకి దూసుకుపోతుంది. హ్యామర్ల పని చివర వస్తుంది. అరిగిన హ్యామర్‌ని మారిస్తే దాని ఎదురుగా ఉన్నదాన్ని కూడా మార్చాలి, లేకపోతే బరువు ఒక పక్కకి ఒరిగి రోటరు వణుకుతుంది. నట్టు లోపల నైలాన్ రింగు ఉంటుంది, బోల్టుని బిగబట్టేది అదే. ఒకసారి విప్పితే ఆ రింగు పట్టు వదిలేస్తుంది కాబట్టి పాత నట్టు చెత్తలోకి పోవాల్సిందే. కొత్త నట్టు వేసి, సరైన బిగువు రాగానే టిక్కుమనే టార్క్ రెంచితో బిగించి, నట్టు మీదనుంచి పక్కన ఇనుము మీదకి పసుపు పెయింటు పెన్నుతో గీత గీయాలి. తర్వాత నట్టు ఏమాత్రం తిరిగినా ఆ గీత విరుగుతుంది. నడిపేవాళ్ళు పొద్దున్నే ఆ గీతలు చూసుకుని బయల్దేరతారు. గీత సరిగ్గా ఉందంటే నట్టు బిగువుగా ఉన్నట్టే లెక్క.

పొద్దున పదింటికి స్మోకో. అంటే టీ విరామం. గంట కొట్టగానే అందరూ లేచి టీ గదికి పోవాలి. నేను కొత్తల్లో లేచేవాణ్ణి కాదు. చేతిలో పని సగంలో వదిలి లేవడం మనవాళ్ళకి మింగుడుపడదు కదా. మా ఫోర్‌మన్ గ్రేమ్ నన్ను పక్కకి పిలిచి, నువ్వలా పని చేస్తూ కూర్చుంటే మిగతావాళ్ళు సోమరుల్లా కనబడతారు, ఇది మంచి పద్ధతి కాదు అన్నాడు. పని చేసినందుకు చివాట్లు తినడం నా జన్మలో అదే మొదలు. ఆ తర్వాత గంట కొడితే చాలు, చేతిలో ఏమున్నా కింద పెట్టి లేవడం నేర్చుకున్నాను.

ఆ రోజు గంట కొట్టేసరికి మూడో వరుసలో ఉన్నాను. ఆరో హ్యామర్‌కి బోల్టు దూర్చాను, కొత్త నట్ల ట్రే చేతికి అందలేదు. హ్యామర్ జారకుండా ఉండడానికి అప్పుడే విప్పిన పాత నట్టుని ఎక్కించి, స్పానరుతో రెండు తిప్పులు తిప్పి లేచాను. టీ తాగి వచ్చాక మార్చొచ్చు అనుకున్నాను. టీ దగ్గర ఎవరిదో పుట్టినరోజు కేకు. కబుర్లతో ఇంకో పది నిమిషాలు. తిరిగొచ్చి ఏడో హ్యామర్ నుంచి మొదలుపెట్టాను.

ఇందులో రెండో తప్పు మొదటిదానికంటే పెద్దది. పసుపు గీత ఏ నట్టుకి ఆ నట్టు బిగించిన వెంటనే గీయాలని రూలు. మూత తీసి పెడితే పెన్ను ఎండిపోతుందని నేను అన్నీ అయ్యాక వరుసకి వరుస ఒక్క ఊపులో గీసేసేవాణ్ణి. ఏళ్ళ తరబడి అలాగే చేశాను. ఆ రోజూ అలాగే ముప్పై రెండు గీతలు గీసి, షీటు మీద సంతకం పెట్టాను. పదకొండింటికి సువార్త వచ్చి బండి తీసుకెళ్ళింది.

సువార్తది ఒంగోలు. నలభై దాటిన మనిషి. ఇక్కడికొచ్చిన కొత్తల్లో వృద్ధుల ఆశ్రమంలో పనిచేసేది. మనుషుల్ని ఎత్తి ఎత్తి నడుం పోయాక ట్రాక్టరు లైసెన్సు తీసుకుంది. గ్రేమ్‌తో మాట్లాడి ఆమెని ఈ సంస్థలో చేర్పించింది నేనే. నన్ను అంకుల్ అనేది. నేను సర్వీసు చేసిన బండైతే కళ్ళు మూసుకుని ఎక్కుతానని అందరితోనూ అనేది.

మధ్యాహ్నం భోజనం చేసి బల్ల తుడుస్తుంటే ట్రేలో ఒక కొత్త నట్టు కనబడింది. స్టోర్సు వాళ్ళు ముప్పై రెండు లెక్కపెట్టి ఇస్తారు. ఒక్కటి కూడా మిగలకూడదు. మొదట, ఒకటి ఎక్కువ వేసుంటారులే అని నాకు నేనే చెప్పుకున్నాను. పాత నట్లు లెక్క చూద్దామంటే, అవి అప్పటికే డబ్బాలో పదిరోజుల ఇనప చెత్తతో కలిసిపోయాయి. నట్టుని అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను. అప్పుడు గంట, కేకు, ఆరో హ్యామర్, అన్నీ వరుసగా గుర్తొచ్చాయి. అయినా పాత నట్టు తీసి కొత్తది వేశానో లేదో మాత్రం గుర్తు రాలేదు. ఎంత తన్నుకున్నా రాలేదు. 

సువార్తకి మళ్ళీ మళ్ళీ ఫోన్ చేశాను. ఎత్తలేదు. క్యాబిన్‌లో చప్పుడు వినబడకుండా చెవులకి మఫ్‌లు పెట్టుకుంటారు, పైగా ఆ రోజు పని గాలిమరలున్న కొండల వైపు దారిలో, అక్కడ సిగ్నల్ వచ్చిపోతుంటుంది. గ్రేమ్ దగ్గరికెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను నన్నొక్క మాట కూడా అనలేదు. రేడియోలో ప్రయత్నిస్తాను, నువ్వు బయల్దేరు అన్నాడు. తిట్టి ఉంటే కాస్త ఊపిరాడేది.

యూట్ అనే చిన్న ట్రక్కు వెనక టార్క్ రెంచి పడేసి బయల్దేరాను. మామూలుగా నలభై నిమిషాల దారి. ఒక చేత్తో స్టీరింగు, లోపల లెక్కలు. బండి అక్కడికి చేరేసరికి పన్నెండు. బోర్డులు పెట్టుకుని మొదలుపెట్టేసరికి పన్నెండున్నర. అంటే రోటరు అప్పటికే అరగంటగా తిరుగుతోంది. ఆ దారిలో సైకిళ్ళవాళ్ళు తిరుగుతారు. బండికి ముందూ వెనకా, వాహనాల్ని ఆపి వదిలే స్టాప్-గో బోర్డు పట్టుకుని మనుషులు నిలబడతారు. మూడుంపావుకి స్కూలు బస్సు అదే దారిలో వస్తుంది.  దేవుణ్ణి కూడా తిన్నగా తలుచుకోలేకపోయాను. ఆరో హ్యామర్, ఆరో హ్యామర్ అనే నోటికొచ్చింది.

సగం దారిలో ఫోన్ మోగింది. బండి పక్కకి ఆపి ఎత్తాను.

"ఏంది అంకుల్, ఆరుసార్లు చేశారు? ఇంట్లో అంతా బాగుండారా?"

"ముందు బండి ఆపమ్మా."

"ఆపే మాట్లాడతన్నా. ఇంజన్ గూడా ఆఫ్."

నట్టు మిగిలిన సంగతి చెప్పాను. దిగి చూస్తానని లైనులో ఉండమంది. ఆ అయిదారు నిమిషాలు ఎలా గడిచాయో నాకే తెలుసు. మళ్ళీ ఆమె గొంతు వినబడింది.

"నాలుగు వరసలూ గడ్డి తుడిచి చూశా అంకుల్. ముప్పై రెండు గీతలూ తిన్నగా ఉండయ్. ఒక్కటి గూడా కదల్లా. స్టోర్స్ వాళ్ళు ఒకటి ఎక్కువేసుంటార్లే. బస్సు టైముకి రోడ్డు క్లియర్ చెయ్యాల. స్టార్ట్ చేసుకోనా?"

సరేనమ్మా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే నేను వెనక్కి తిరిగి వెళ్ళిపోవచ్చు. గ్రేమ్‌కి అంతా బాగుందని చెప్పొచ్చు. నా పేరు నాకు మిగులుతుంది. పైగా అది అబద్ధం కూడా కాదు, గీతలు సరిగ్గానే ఉన్నాయని ఆమే చెప్పింది. అవి ఎలా గీసినవో తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే.

"ఆ గీతలు నమ్మొద్దమ్మా," అన్నాను. "నట్టు నట్టుకీ బిగించి గీసినవి కావు. చివర్లో చూడకుండా ఒక్క ఊపున గీసేశాను."

 "మరి షీటు మీద సంతకం?" అంది.

"అదీ అంతే."

"రండి. తాళం చెవి తీసేస్తన్నా," అని ఫోన్ పెట్టేసింది.

నేను చేరేసరికి బండి రోడ్డు పక్కన ఆగి ఉంది. సువార్త చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది. ముప్పై అడుగుల అవతల స్టాప్-గో బోర్డు పట్టుకునే పెద్దాయన మా వైపు వీపు పెట్టి, మడతకుర్చీలో కూర్చుని యాపిల్ తింటున్నాడు. హెడ్ నోరు సరిగ్గా ఆయన వైపే ఉంది.  తాళం చెవి ఆమె దగ్గర తీసుకుని జేబులో వేసుకుని, లీవర్లు కదిపి ఒత్తిడి వదిలించి, మొదటి వరుస నుంచి ఒక్కో నట్టుకీ రెంచి వేశాను. ఒక్కోటి టిక్కుమంటుంటే నాలో ఆశ పెరగడం మొదలైంది. రెండు వరుసలయ్యాయి. మూడో వరుసలో అయిదూ టిక్కుమన్నాయి.

ఆరోది టిక్కుమనలేదు. రెంచి అలా తిరిగిపోయింది. రెంచి తీసేసి వేళ్ళతో తిప్పాను, వేళ్ళకే తిరిగి చేతిలోకి వచ్చేసింది. లోపల నైలాన్ రింగు పాత గోరులా పసుపెక్కి అరిగిపోయి ఉంది. నట్టు మీద నేను గీసిన పసుపు గీత మాత్రం కొత్తగా, తిన్నగా ఉంది. ఇంకో గంటో, పావుగంటో, ఎంతసేపు నిలిచేదో నాకు తెలియదు.

సువార్త నా భుజం పక్కనుంచి అంతా చూసింది. కోపంగా అనలేదు, మామూలుగానే అంది.

"నేను గీత చూసి స్టార్ట్ చేద్దామనుకున్నా అంకుల్."

 జేబులోంచి కొత్త నట్టు తీసి బిగించి, అప్పుడు గీత గీశాను. మిగతావన్నీ చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆమె కూడా రెంచి అడిగి తీసుకుని ఆరోదాన్ని మరోసారి పరీక్షించింది. రెండున్నరకల్లా పని ముగించుకుని రోడ్డు వదిలారు. పెద్దాయనకి ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత నాది కాబట్టి వెళ్ళి చెప్పాను. ఆయన కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని, రేపటి నుంచి దీన్ని ఇంకా దూరంగా వేసుకుంటాను అన్నాడు.

మర్నాడు ప్రమాదం తప్పిన ఘటన కింద రిపోర్టు రాశాను. ఇలాంటిదాన్ని నియర్ మిస్ అంటారు. కారణం అన్న గడిలో స్మోకో అని రాయబోయాను. మళ్ళీ ఆగి, గీతలు రూలు ప్రకారం గీయలేదు అని రాశాను. గ్రేమ్ నా సంతకం అధికారాన్ని ఆరు వారాలు ఆపేశాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు నా షీట్ల మీద సంతకం పెడుతుంటే చూస్తూ నిలబడ్డాను. బాధగా ఉండేది. ఉండాల్సిందే.

తర్వాత అధికారం తిరిగొచ్చింది, సువార్త నమ్మకం రాలేదు. నాతో మాటా మంచీ ఎప్పటిలాగే ఉండేవి. వాళ్ళింట్లో క్రిస్మస్ భోజనానికి నన్నూ మా ఆవిణ్ణీ ప్రతి ఏడూ పిలిచేది. కానీ బండి తీసుకెళ్ళేముందు రెంచి అడిగేది. వేరే మెకానిక్కులు చేసిన బండికి రెండు మూడు నట్లు చూసి బయల్దేరేది. నేను చేసిన బండికి ముప్పై రెండూ చూసేది. మొదట్లో నాకది అందరి ముందూ చెంపదెబ్బలా ఉండేది. ఒకసారి, ఇంకా ఎన్నాళ్ళమ్మా అని అడిగాను కూడా. మీరు పని చేసినన్నాళ్ళు అంకుల్, అంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి ఆ ఘటన నుంచి నేను చెప్పగలిగింది ఇంతే. మనల్ని నమ్మాలని ఎవరినీ కోరకూడదు. మన పనిని ఇంకొకరు పరీక్షిస్తుంటే అడ్డు రాకూడదు, మొహం ముడుచుకోకూడదు. నేను రిటైరయ్యే రోజు పొద్దున కూడా సువార్త రెంచి తీసుకుని వచ్చింది. ఆమె ఒక్కో నట్టు చూస్తుంటే, నేను రోటరు కదలకుండా పట్టుకున్నాను.