గిరక కరిచిన తర్వాత

గూడూరు శివారులో ఒక ట్రస్టు నడిపే ఆడపిల్లల హాస్టల్లో రాణి వంటమనిషి. నలభై దాటిన ఆడది, పుట్టిల్లు కొడకండ్ల దగ్గరి పల్లె. భర్త రాజేందర్ వరికోత మిషన్ నడుపుతాడు, కోతల కాలమంతా ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు. పొద్దున పొయ్యి వెలిగించేది రాణే, చివరి గిన్నె బోర్లించి వంటగదికి తాళం వేసేదీ ఆమే. గట్టి మనిషని పేరు. కుక్క ఎదురైతే మాత్రం రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తుంది. చిన్నప్పుడు ఆమె తమ్ముణ్ని కుక్క కరిచింది. ఇంట్లోవాళ్లు సూది వేయించకుండా పసరు కట్టించి ఊరుకున్నారు. కొన్ని వారాలకు ఆ పిల్లవాడు నీళ్ల చెంబును చూసి వణికిపోయాడు. ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. ఈ సంగతి రాణి హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు.

బియ్యం గదిలో ఎలుకలు బస్తాలు కొరికేస్తున్న రోజుల్లో చారల పిల్లి ఒకటి వచ్చి చేరింది. రాణి వెళ్లగొట్టలేదు. కడుపుతో ఉన్నప్పుడు ఆ పిల్లి తిండి మానేసి కొన్నాళ్లు మూలన పడుకుంది, మళ్లీ తేరుకుంది. బస్తాల వెనుక రెండు పిల్లల్ని పెట్టింది. ఒకటి పుట్టిన వెంటనే పోయింది. రెండోది బతికింది కానీ, నడక మొదలయ్యాక దాని తీరు బయటపడింది. అడుగు వేయబోతే కాళ్లు తలో దిక్కుకు పోయేవి. పాల పళ్లెం దగ్గరకు వచ్చేసరికి తల గడగడ ఊగేది. పాలలో పెట్టాల్సిన మూతి పళ్లెం అంచుకు తగిలేది. అట్లా గుండ్రంగా తిరిగి పడిపోతుందని పిల్లలు దానికి గిరక అని పేరు పెట్టారు.

అందరికంటే దాన్ని ఎక్కువ చేరదీసింది వినీత. ఏడో తరగతి పిల్ల, అడవి అంచు ఊరి నుంచి వచ్చి చదువుకుంటోంది. వేలు పాలలో ముంచి దాని నోటికి అందించేది.

ఒకనాడు అన్నాల దగ్గర వడ్డిస్తూ రాణి ఆ పిల్ల వేలికి కట్టిన గుడ్డపీలిక చూసింది.

"ఏందే బిడ్డ అది?"

"ఏం లేదు రాణక్కా. గిరక పన్ను గుచ్చుకుంది."

"ఎప్పుడు?"

"మొన్న. చెప్తే దాన్ని పారేస్తరని చెప్పలె."

రాణి చేతిలో గరిటె ఆగిపోయింది. తల్లి పిల్లి రెండు రోజులుగా కనిపించడం లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ ముద్దుగా అనిపించిన ఆ ఊపు, ఆ తూలుడు, మూతి నుంచి కారే పాలు, అన్నీ ఒక్కసారిగా వేరేలా కనబడ్డాయి. ఆ పిల్లిని గుమ్మంలోకి రానిచ్చింది తనే.

వినీతను కుళాయి దగ్గరకు తీసుకుపోయి, చర్మం ఎర్రబడేదాకా సబ్బుతో వేలు కడిగింది. అక్కడి నుంచి నేరుగా వార్డెన్ మనోరమ గదికి వెళ్లింది.

మనోరమ ముఖం పాలిపోయింది. "పిల్లను నేను సర్కారు దవాఖానకు తీసుకపోయి సూది ఇప్పిస్త. నువ్వు ముందు ఆ పిల్లి సంగతి చూడు. కొట్టి, దూరంగ పాతిపెట్టు."

రాణి కట్టె తీసుకుని బియ్యం గదిలోకి వెళ్లింది. గిరక ఖాళీ గోనెసంచి మీద నిద్రపోతోంది. చెవి కూడా కదలడం లేదు. మెలకువగా ఉన్నప్పుడు క్షణం నిలకడగా ఉండని తల నిద్రలో రాయిలా నిమ్మళంగా ఉంది. అదెందుకో రాణికి తెలియదు. కట్టె ఎత్తడానికి మాత్రం చెయ్యి రాలేదు. గోనెసంచితో సహా దాన్ని గంపలో పెట్టి, పైన ఇంకో గంప బోర్లించి తాడుతో కట్టి, గొడ్ల దవాఖానకు నడిచింది.

రాణి చెప్పిందంతా విని, అక్కడి డాక్టరు జగదీష్ చేతులకు తొడుగులు వేసుకుని గంప తెరిచాడు. "ఈ ఊపు ఎప్పటినుంచి?" అని అడిగాడు.

"నడక నేర్సినప్పటి సంది గిట్లనే సారు."

పళ్లెంలో పాలు పోసి ముందు పెట్టాడు. పాల వాసనకు గిరక తల గడగడ ఊగింది. పళ్లెం తీసేసి వదిలేస్తే కాసేపటికి పడుకుంది, ఊపు ఆగింది.

"తల్లి కడుపులో ఉండగనే చిన్నమెదడు సరిగ ఎదగలేదు. తల్లికి అప్పుడు ఏదో వైరస్ సోకి ఉంటది. పుట్టుకతో వచ్చిన లోపం ఇది, పెరగదు, పోదు. ఇట్లనే బతుకుతది."

"అంటే పిచ్చి లేనట్టేనా సారు?"

"ఈ ఊపు పిచ్చిది కాదు. కానీ తల్లి ఎటుపోయిందో తెల్వదంటున్నవ్, కరిచింది నిజం. కాబట్టి పిల్లకు సూదులు ఆపొద్దు. దీన్ని ఎవరికీ అందకుండ పెట్టి పది రోజులు చూడు. తింటూ బతికుంటే, కరిచిననాడు దీని నోట్లో ఆ రోగం లేదన్నట్టు. చంపితే ఏ సంగతీ తెల్వకుండ పోతది."

తిరిగి వచ్చి రాణి గంపను కట్టెల కొట్టంలో పెట్టింది. సంగతంతా విన్న మనోరమ ఒక్కటే అడిగింది.

"ఏమన్న అయితే ఎవరు చెప్పాలె జవాబు?"

"నేనే చెప్త మేడం."

రెండో సూది పడిన మరునాడు వినీతకు జ్వరం వచ్చింది. మిగతా పిల్లలు ఆ మంచం దగ్గరకు వెళ్లడం మానేశారు. రాణి కూర పొయ్యి మీద పెట్టి వచ్చి, గ్లాసుతో నీళ్లు అందించి ఆ పిల్ల గొంతు వైపే చూసేది. గుటక దిగేదాకా తనకు ఊపిరి ఆడేది కాదు. మళ్లీ పోయి కూర కలిపి మళ్లీ నీళ్లు తెచ్చేది.

"దూప లేదు రాణక్కా. ఎన్నిసార్లు తాగాలె?"

"నా కోసం ఒక్క గుటక తాగు బిడ్డ."

మధ్యాహ్నానికి వినీత తండ్రి పోచయ్య వచ్చాడు. పిచ్చిపిల్లి కరిచిందని ఎవరో ఫోన్లో చెప్పారట. కూతురి నుదురు తాకి చూసి, బయటికి వచ్చి, కట్టె అందుకున్నాడు.

"ఏది ఆ పిల్లి?"

రాణి కొట్టం తలుపుకు అడ్డంగా నిలబడింది. "జర ఆగన్నా."

"నా బిడ్డ జరంతోని పడున్నది. నువ్వు పిల్లిని సాదుతున్నవా?"

"సాదుతలేనన్నా, కావలి కాస్తున్న. మా తమ్ముణ్ని కుక్క కరిస్తే ఊరోళ్లు దాన్ని అప్పుడే కొట్టి సంపిన్రు. పీడ పోయిందనుకున్నం. సూది ఇప్పియ్యలె. వాడు నా ముంగటనే పోయిండు. నీ బిడ్డకు సూదులు పడుతున్నయ్. ఇగ మనకేమన్న తెలిస్తే ఈ పిల్లితోనే తెలుస్తది. దీన్ని సంపితే, జరం వచ్చినప్పుడల్లా నువ్వు గిట్లనే ఉరుకొస్తవ్."

పోచయ్య కట్టె దించలేదు. దింపకుండానే కొట్టంలోకి తొంగి చూశాడు. గంప సందులోంచి గిరక లేవబోయి పక్కకు ఒరిగింది.

"గిట్లెందుకు పడుతుంది?"

"పుట్టుకే అంతనట."

అతను కట్టెను గోడకు ఆనించాడు. ఆ రోజు ఊరికి పోలేదు. కొట్టం ముందు బండ మీద కూర్చుని, పిల్లి తింటుందో లేదో తనే చూస్తానన్నాడు. రాణి పొడుగు గరిటెతో పాలు లోపలి పళ్లెంలో పోసింది. గిరక మూతి మూడుసార్లు గురి తప్పి, తర్వాత పాలలో దిగింది.

మరునాడు జ్వరం తగ్గింది. సూదికి కొందరికి అట్లా వస్తుందని సర్కారు డాక్టరు చెప్పాడు. పోచయ్య ఊరికి పోయినా రోజూ ఫోన్ చేసి, ముందు కూతురి సంగతి, తర్వాత పిల్లి తిన్నదా అని అడిగేవాడు. గడువు దాటాక జగదీష్ వచ్చి చూసి, ఇక భయం లేదన్నాడు. అయినా మిగిలిన సూదులు కూడా వేయించారు. తల్లి పిల్లి మళ్లీ కనిపించలేదు.

ఇక హాస్టల్లో పిల్లి అన్న మాట వినబడకూడదని మనోరమ ఖచ్చితంగా చెప్పింది. రాణికి అది సబబే అనిపించింది. గంప ఎత్తుకుని గిరకను తన ఇంటికి తీసుకుపోయింది.

కోతలు ముగించుకుని వచ్చిన రాజేందర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "గిదేంది, తాగినట్టు నడుస్తుంది?"

రాణి నవ్వింది. ఇంట్లో నున్నటి బండల మీద దాని కాళ్లు మరీ జారుతున్నాయని, హాస్టల్ నుంచి ఖాళీ గోనెసంచులు అడిగి తెచ్చి గదంతా పరిచింది. వచ్చినవాళ్లు తట్టుకుని పడబోతుంటారు. గిరక మాత్రం వాటి మీద గోళ్లు గుచ్చి, ఊగుతూ తూలుతూ, గది ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది.